గొడ్డలికి పిడి బిగించేదెవరు?

ఉద్యోగం అడిగేవారుగా కాక ఉద్యోగం ఇచ్చేవారుగా ఎదగాలన్న ఉద్బోధ ఇటీవల నంద్యాల కళాశాలల వేదికల మీద తరచుగా వినవస్తోంది. రాష్ట్ర ప్రభుత్వం కూడా 'ఇంటికో పారిశ్రామికవేత్త' అన్న నినాదాన్ని ఎత్తుకున్నది. మావంటి విశ్రాంత ఉద్యోగులను ఇటువంటి సభలకు పిలిచి ముందు వరుసలో కూర్చోబెడతారు. మేమూ శ్రద్ధగానే వింటాము. వక్తలు చెప్పే ఉదాహరణలలో అమెరికా గ్యారేజీలు ఉంటాయి, బెంగళూరు కంపెనీలు ఉంటాయి. కుందూ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు మాత్రం ఉండదు. సభ ముగిశాక మన పిల్లలు బయటికి వచ్చి, యథాప్రకారం బ్యాంకు పరీక్షల శిక్షణకు ఫీజు ఎంతో విచారించడానికి వెళతారు.

పిల్లలను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. బ్యాంకు పరీక్షల శిక్షణకు నంద్యాల రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పేరుపొందింది. శ్రీకాకుళం నుంచి, ఆదిలాబాదు నుంచి కూడా డిగ్రీ పూర్తిచేసిన యువతీయువకులు వచ్చి ఇక్కడ గదులు అద్దెకు తీసుకుని నెలల తరబడి చదువుకుంటారు. దీనికి తోడు ఇంజనీరింగ్ కళాశాలలు, వైద్య కళాశాల, డిగ్రీ కళాశాలలు, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రం కూడా అయిన తరువాత ఊరి రూపమే మారింది. ఒక్క సంగతి మాత్రం ఆలోచించదగినది. నిరుద్యోగమనే సమస్యను చూసి, అందులో అవకాశాన్ని కనిపెట్టి, ఊరికే ఒక జీవనాధారాన్ని కల్పించిన వ్యాపారం ఈ శిక్షణా కేంద్రమే. ఉద్యోగాలకు పంపే పనిలోనే ఇక్కడ వందలమందికి ఉద్యోగాలు దొరికాయి. స్థానిక సమస్యలో అవకాశాన్ని చూడడమంటే ఏమిటో మన ఊరు ఎవరి ఉపన్యాసమూ వినకముందే నేర్చుకున్నదన్నమాట. ఆ నేర్పు మన మొహల్లాల గుమ్మం దాకా ఎందుకు రాలేదన్నదే మా ప్రశ్న.

అయితే ఆ ప్రశ్నకు ముందు ఒక హెచ్చరిక అవసరం. ఇది హక్కుల పత్రిక. ప్రతి సమస్యనూ వ్యాపారావకాశంగా చూడమని చెప్పడం మొదలుపెడితే, ప్రభుత్వం తన బాధ్యతలన్నిటినీ మన భుజాల మీద పెట్టి చల్లగా తప్పుకోగలదు. 2022 డిసెంబరులో మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్పును కేంద్రం నిలిపివేసింది. ఒకటి నుంచి ఎనిమిదవ తరగతి వరకు మైనారిటీ పిల్లలకిచ్చే ఉపకారవేతనాలు కూడా ఆ ఏడాదే ఆగిపోయాయి. వీటికి బదులు 'స్వయం ఉపాధి చూసుకోండి' అన్న సలహా ఇస్తే అది సలహా అనిపించుకోదు. కుందూ పొంగినప్పుడు నీట మునిగే లోతట్టు కాలనీ, ఉపాధ్యాయుడు లేని ఉర్దూ బడి, మురుగు కాలువ లేని సందు, ఇవి వినతిపత్రాలు రాయవలసిన సమస్యలు. వాటికోసం దుకాణం తెరవకూడదు. కలెక్టరు కార్యాలయంలో సోమవారం అర్జీ ఇచ్చి, రశీదు తీసుకుని, దాని వెంట తిరగాలి.

మంచినీళ్ళ సంగతే చూడండి. కుళాయి నీరు తాగడానికి పనికిరాదన్న భయం నుంచి వీధివీధికీ శుద్ధజల ప్లాంటు పుట్టింది. ఇరవై లీటర్ల క్యాను ఇంటి ముందు దిగుతోంది. ఎందరికో ఉపాధి దొరికిన మాట నిజం. కానీ క్యాను అలవాటయిన కొద్దీ కుళాయి నీటి గురించి మునిసిపాలిటీని నిలదీసే గొంతులు తగ్గిపోయాయి. కూలి డబ్బులలోంచి క్యానుకు కట్టే పేదవాడు తన హక్కును తానే కొనుక్కుంటున్నాడు.

ఇంతకంటె చేదు అనుభవం మరొకటి ఉన్నది. బంగ్లాదేశ్‌లో చిట్టగాంగ్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం బోధిస్తున్న ముహమ్మద్ యూనుస్ 1976లో తరగతి గది వదిలి, విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న జోబ్రా గ్రామంలోకి నడిచి వెళ్ళారు. వెదురు బుట్టలు, పీటలు అల్లుకునే పేదలు వడ్డీ వ్యాపారుల చేతిలో చిక్కుకుని ఉండడం చూసి, 42 మందికి కలిపి 27 డాలర్ల విలువైన సొమ్ము జేబులోంచి ఇచ్చారు. అదే 1983లో గ్రామీణ బ్యాంకు అయింది, 2006లో నోబెల్ శాంతి బహుమతి తెచ్చింది. అదే ఆలోచన మన రాష్ట్రానికి వచ్చేసరికి ఏమైందో మన ఆడపడుచులను అడగండి. వారం వారం వాయిదా, ఒక వాయిదా తప్పితే గుంపు మొత్తం ఆ ఇంటి ముందు కూర్చోవడం, ఒక సంస్థ అప్పు తీర్చడానికి మరొక సంస్థ దగ్గర అప్పు. ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్టులో వాటాలు నమోదు చేసుకున్నది. అప్పులవాళ్ళ ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగాయన్న వార్తల నడుమ అదే ఏడాది అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చింది. పేదల అప్పుతో వాటాదారులకు లాభాలు పంచే ఆ పోకడను యూనుస్ స్వయంగా తప్పుపట్టారు. ఎదుటివాడి కష్టాన్ని తీర్చి బతకడం ఒకటి, ఎదుటివాడి కష్టం మీద బతకడం మరొకటి. ఈ రెండింటి మధ్య గీత సన్నదే కాబట్టి యువకులకు పారిశ్రామిక పాఠాలు చెప్పేవారు 2010 నాటి ఈ ఉదంతాన్ని కూడా పాఠంలో చేర్చాలని మా విన్నపం.

ఇక హక్కుల కోవలోకి రాని, ఎవరూ మనకు తీర్చిపెట్టని, మన చేతులతోనే తీర్చుకోదగిన సమస్యల మాట.

దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు రాయలసీమలో తరతరాలుగా దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టి బతికాయి. భుజాన విల్లు వేసుకుని వీధుల్లో తిరిగిన పెద్దలను మా తరం వారు చూశారు. స్పాంజి పరుపులు వచ్చాక ఆ విల్లు అటకెక్కింది. పిల్లలు ఆటోలు నడుపుతున్నారు, పెయింటింగు పనులకు పోతున్నారు. ఇదే ఊరికి వేలాది విద్యార్థులు వచ్చి, గదిలో దిగిన మొదటి సాయంత్రమే పలుచటి స్పాంజి పరుపు ఒకటి కొంటారు. ఆరు నెలలకో ఏడాదికో వెళ్ళేటప్పుడు దాన్ని గదిలోనే వదిలేసి పోతారు. అది చెత్తబండి ఎక్కుతుంది లేదా ఖాళీ స్థలంలో కాలుతూ పొగలు కక్కుతుంది. నంద్యాల పత్తి పండే నేల. ఇక్కడి పరిశోధనా స్థానం పేరు తెచ్చుకున్నదే పత్తి వంగడాలతో. పత్తి ఉంది, ఏకడం తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి, నెలకింత అద్దెకు పరుపు కావలసిన విద్యార్థులు ఉన్నారు. ఏడాదికోసారి పరుపును వెనక్కి తీసుకుని, దూదిని ఎండబెట్టి, మళ్ళీ ఏకి, కొత్త గలీబు వేసి మరొకరికి ఇవ్వవచ్చు. దూది పరుపుకున్న ఈ గుణం స్పాంజికి లేదు. దీనికి కావలసింది ఒక ఏకుడు యంత్రం, ఒక షెడ్డు, ఒక తోపుడు రిక్షా, హాస్టళ్ళ యజమానులతో మాట్లాడగల చదువుకున్న కుర్రవాడు ఒకడు. నాలుగోదే దొరకడం లేదు. ఎందుకంటే ఆ కుర్రవాడు దూదేకుల ఇంట్లో పుట్టినా, ఆ పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడేటట్లు మనమే పెంచాము.

రెండవది మా అనుభవానికి దగ్గరిది. గుమాస్తాగా కాగితాల మధ్య జీవితం గడిపినవారికి తెలుస్తుంది, మన అర్జీలు ఎక్కడ ఆగిపోతాయో. ఒకే స్త్రీ పేరు రేషన్ కార్డులో షేక్ మాబున్ని, ఆధార్‌లో షేక్ మహబూబున్నీసా, బ్యాంకు పుస్తకంలో ఎస్. మహబూబ్ బీ. ఇంగ్లీషులో షేక్ అన్న మాటనే నాలుగు రకాలుగా రాస్తారు. ఒక్కొక్కచోట అది ఇంటిపేరవుతుంది, మరొకచోట పొట్టి అక్షరమై పేరు చివర చేరుతుంది. పుట్టిన తేదీల స్థానంలో అందరికీ జనవరి ఒకటే. పింఛను రాదు, ఉపకారవేతనం రాదు, బీసీ-ఇ ధ్రువపత్రం మీద అభ్యంతరం వస్తుంది. 2007 చట్టం ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్‌ను సుప్రీంకోర్టు దాకా పోరాడి నిలబెట్టుకున్నాము. ఆ ఫలం అందుకోవలసిన పిల్లవాడు తండ్రి పేరులోని అక్షరదోషం దగ్గర ఆగిపోతున్నాడు. సచివాలయం, మీసేవ, బ్యాంకు, మళ్ళీ సచివాలయం, ఇలా తిరగడంలో కూలివాడికి నాలుగు రోజుల కూలి పోతుంది. దళారి అయిదువందలు అడుగుతాడు, పని మాత్రం అవుతుందన్న హామీ ఉండదు.

ఇక్కడ నిజాయితీగల వ్యాపారానికి చోటున్నది. ఇద్దరు డిగ్రీ చదివిన యువతులు, ఒక కంప్యూటరు, ఒక స్కానరు చాలు. ఇంటింటికీ వెళ్ళి కుటుంబంలోని కాగితాలన్నీ ఒకచోట పెట్టి, ఏ పేరు ప్రామాణికమో తేల్చి, మిగిలినవాటిని ఏ వరుసలో సవరించుకోవాలో చెప్పి, అర్జీ పెట్టించి, గోడమీద రాసిపెట్టిన రుసుము మాత్రమే తీసుకోవాలి. ఏ కాగితం ముందు, ఏది తరువాత అన్నదే ఇందులోని విద్య. ఆ విద్య మావంటి విశ్రాంత ఉద్యోగుల దగ్గర పుష్కలంగా ఉన్నది. ఉదయం నడకలో రాజకీయాలు మాట్లాడుకోవడానికి మించి దాన్ని వాడడం లేదు. ఆడపిల్లలు ఈ పని చేస్తే పరదా పాటించే ఇళ్ళలోకి కూడా వెళ్ళగలరన్నది మరొక సౌలభ్యం.

విద్యార్థులకు జొన్నరొట్టెలు, ఇంటి భోజనం పంపడం, ఆడపిల్లల కోసం మొహల్లాలో రాత్రి పూట చదువుకునే గది నడపడం వంటివి ఇప్పటికే అక్కడక్కడ కొందరు చేస్తున్నవే. వాటికి కావలసింది గుర్తింపు. ఉద్యమ్ నమోదు ఉచితం. ఇంట్లో వండి అమ్మే చిన్న వ్యాపారానికి ఆహారభద్రతా నమోదుకు అయ్యే రుసుమూ స్వల్పమే. ఈ రెండు కాగితాలు లేకపోతే బ్యాంకు దృష్టిలో ఆమె గృహిణి, ఉంటే వ్యాపారి. కుట్టుమిషన్ల పంపిణీ గురించి మాత్రం ఒక మాట అనక తప్పదు. సేవాసంస్థ ఏదైనా సరే, మన ఆడవాళ్ళకు మేలు చేయాలనుకోగానే కుట్టుమిషను ఇచ్చి ఫొటో దిగుతుంది. ఊళ్ళోని ప్రైవేటు పాఠశాలల యూనిఫారాలు ఎక్కడ కుట్టి వస్తున్నాయో, ఆ పని ఈ మిషన్లకు మళ్ళించడానికి ఎవరితో మాట్లాడాలో ఆ సంస్థలలో ఎన్ని అడిగాయి? పని లేని మిషను గది మూలన చీరముక్క కప్పుకుని కూర్చుంటుంది.

ఇప్పుడు ఆళ్ళగడ్డ. నంద్యాల నుంచి జాతీయ రహదారి మీద సుమారు 40 కిలోమీటర్లు. అహోబిలం వెళ్ళే దారిలో ఊరి పొడుగునా శిల్పశాలలు. నల్లరాతిలో మలచిన విగ్రహాలు ఇక్కడి నుంచి దేశమంతటికీ, విదేశాలకూ పోతాయి. ఆళ్ళగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఉలి, సుత్తి మాత్రమే ఉన్న రోజుల్లో రాయి పెచ్చులుగా రాలేది. కరెంటు కోత యంత్రాలు, గ్రైండర్లు వచ్చాక రాయి ధూళిగా లేస్తున్నది. రాతి ధూళిలోని స్ఫటిక సిలికా ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ వస్తుంది. వచ్చాక దానిని నయం చేసే మందు లేదు. రాకుండా చూసుకోవడం ఒక్కటే మార్గం. బేతంచర్ల, బనగానపల్లె ప్రాంతాల నాపరాయి పాలిష్ యూనిట్ల దగ్గర కూడా ధూళి, రాతి బురద మోతాదు మారుతుందేమోగాని సమస్య ఇదే.

శిల్పులు విశ్వబ్రాహ్మణ కుటుంబాలవారు కదా, ఇది మన సమస్య ఎలా అవుతుందని అడిగేవారుంటారు. ఆ ధూళి పక్కింటి కిటికీలోంచి లోపలికి వచ్చేటప్పుడు గోడ మీద పేరు చదవదు. అదీకాక, వ్యాపారమంటేనే మనది కాని ఇంటి అవసరం తీర్చడం. మన మొహల్లాలో మనవాళ్ళకే అమ్ముకునే దుకాణం ఎన్నటికీ ఆ సందు దాటదు.

మన తెలుగునాట దీనికి గొప్ప దృష్టాంతం ఉన్నది. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి పోచంపల్లి చీరకు ఆసు పోసేది. ఒక్క చీరకు చెయ్యి కొన్నివేల సార్లు అటూ ఇటూ ఆడాలి. భుజం పట్టేసి ఆమె ఇక చేయలేనన్నది. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన మల్లేశం ఏళ్ళ తరబడి కుస్తీపట్టి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది. మల్లేశానికి ఇంజనీరింగ్ కళాశాల లేదు, ప్రయోగశాల లేదు. కళ్ళముందు తల్లి భుజం నొప్పి ఉన్నది. మన నంద్యాల ఇంజనీరింగ్ విద్యార్థికి ప్రయోగశాల ఉన్నది, ఆచార్యులు ఉన్నారు, చివరి సంవత్సరంలో ప్రాజెక్టు చేయవలసిన నిబంధనా ఉన్నది. ఆ ప్రాజెక్టును చాలామంది హైదరాబాదు అమీర్‌పేటలో తయారుగా కొని తెచ్చి అట్ట వేసి సమర్పిస్తారు. ఈ సంగతి కళాశాలలకూ తెలుసు, తల్లిదండ్రులకూ తెలుసు. 40 కిలోమీటర్ల దూరంలో ఊపిరి ఆడని మనిషి ఉన్నాడని మాత్రం ఎవరికీ గుర్తురాదు.

గ్రైండరు మొనకు సన్నని నీటి ధార తగిలించే అమరిక, ధూళిని పుట్టినచోటనే పీల్చుకునే గొట్టం, పనివాడు మూడు గంటలు పెట్టుకున్నా ఉక్కపోయని మాస్కు, ఇవేవీ చంద్రమండలయానం కాదు. తడి కోత వల్ల ధూళి బాగా తగ్గుతుందని ప్రపంచమంతా తెలిసినదే. శిల్పి దానికి ఒప్పుకోకపోవడానికి కారణాలుంటాయి: నీరు పడితే గీసుకున్న గీత చెరిగిపోవచ్చు, కరెంటు భయం ఉండవచ్చు, పని నెమ్మదించవచ్చు. ఆ కారణాలను శిల్పి పక్కన కూర్చుని వినకుండా చేసే యంత్రం పనికిరాదు. కాబట్టి మొదటి నెల యంత్రం గురించి ఆలోచించవద్దు, ఊరికే కూర్చుని చూడమని విద్యార్థులకు చెబుతాము. కుదిరిన అమరిక ఆళ్ళగడ్డతో ఆగదు. రాయి కోసే ప్రతి ఊరూ దానికి అంగడి అవుతుంది.

ఈ ఒక్క ఊళ్ళోనే అర్జీ, దుకాణం రెండూ కనిపిస్తాయి. ధూళిని ఆపే అమరిక వ్యాపారం. పనివారికి ఊపిరితిత్తుల పరీక్షలు చేయించడం, వ్యాధి సోకినవారికి పరిహారం ఇవ్వడం ప్రభుత్వ విధి. రాజస్థాన్ 2019లో సిలికోసిస్ బాధితుల కోసం ఒక విధానమే ప్రకటించింది. అటువంటిది మన రాష్ట్రంలో కూడా కావాలని శిల్పులతో కలిసి అడగవలసిన పని హక్కుల కార్యకర్తలది.

పెట్టుబడి ఎక్కడిదని తరువాతి ప్రశ్న. ముస్లింలలో స్వయం ఉపాధి మీద బతికేవారి పాలు ఇతరులకంటె ఎక్కువని, అయినా బ్యాంకు రుణాలలో వారికి దక్కే వాటా తక్కువని 2006లో సచార్ కమిటీ తేల్చింది. ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలను కొన్ని బ్యాంకులు ప్రతికూల మండలాలుగా గుర్తుపెట్టుకున్న వైనాన్ని కూడా ఆ నివేదిక ప్రస్తావించింది. అంటే అడ్డంకి ఊహ కాదు. కాని తెరిచి ఉన్న తలుపును తట్టకుండా కూర్చోవడం కూడా సరికాదు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో మైనారిటీలు ప్రత్యేక తరగతి కిందికి వస్తారు. వారికి ప్రాజెక్టు వ్యయంలో పట్టణంలో 25 శాతం, గ్రామంలో 35 శాతం రాయితీ ఉన్నది. సొంతంగా పెట్టవలసింది 5 శాతం. తయారీ యూనిట్లకు 50 లక్షల వరకు, సేవారంగానికి 20 లక్షల వరకు అవకాశమున్నది. ఎనిమిదవ తరగతి చదివి ఉండాలన్న షరతు కూడా తయారీలో 10 లక్షలు, సేవలలో 5 లక్షలు దాటిన ప్రాజెక్టులకే. చిన్నవాటికి ముద్రా రుణమున్నది. 50 వేల దాకా 'శిశు' వర్గం. ఈ వివరాలు తెలిసినవారు మన జమాతులో ఎందరు?

వడ్డీ మాట వస్తుంది. బ్యాంకు రుణం విషయంలో మన సోదరులకుండే సంకోచాన్ని మేము తేలికచేయము. దాని మీద తీర్పు ఉలమాలదే. కాని ఒక విచిత్రం చెప్పక తప్పదు. బ్యాంకు అనేసరికి ధర్మసూక్ష్మం గుర్తుకు వచ్చే ఇంట్లోనే, అంతకు ఎన్నో రెట్ల వడ్డీకి వారం వాయిదాల అప్పు ఆడవాళ్ళ పేరుమీద నడుస్తూ ఉంటుంది. సంకోచం నిజమైనదైతే బైతుల్ మాల్‌ను బలపరచుకోవాలి.

దైవప్రవక్త ముహమ్మద్ (స) దగ్గరికి యాచనకు వచ్చిన అన్సారీ సహచరుని వృత్తాంతం మన పెద్దలు తరచు చెబుతారు. అతని ఇంట్లో ఉన్నవి ఒక దుప్పటి, ఒక పాత్ర. ప్రవక్త వాటిని తెప్పించి, సభలోనే వేలం వేసి రెండు దిర్హములకు అమ్మి, ఒక దిర్హముతో ఇంటికి తిండి, రెండవ దానితో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి పిడి తమ చేతులతో తామే బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజుల దాకా కనిపించవద్దని పంపారు. తిరిగి వచ్చేనాటికి అతని దగ్గర పది దిర్హములున్నాయి. ఈ ఉదంతాన్ని సాధారణంగా యాచన కూడదన్న బోధకోసం చెబుతారు. మేము పిడి దగ్గర ఆగుతాము. సలహా చెప్పి పంపలేదు, దానమిచ్చి పంపలేదు. పనిముట్టు సిద్ధం చేసి, గడువు పెట్టి, లెక్క అడిగారు. మన మస్జిద్ కమిటీల రంజాన్ లెక్కలలో వృద్ధులకు, వితంతువులకు ఇచ్చే సరుకులు అలాగే ఉండనివ్వండి, వారికి అవి కావాలి. పనిచేయగల చేతులున్న ఇంటికి ఏటేటా అదే సంచీ ఇవ్వడం మీదనే మా అభ్యంతరం. జకాత్‌లో ఒక భాగాన్ని ఏకుడు యంత్రానికో, స్కానరుకో, ప్రాజెక్టు వ్యయంలోని ఆ 5 శాతానికో మళ్ళించవచ్చునా అన్నది ప్రతి కమిటీ తమ ఇమాము గారిని అడిగి తేల్చుకోవచ్చు.

ఇంజనీరింగ్ కళాశాలల ఆచార్యులకు మా అభ్యర్థన ఇంకా చిన్నది. చివరి సంవత్సరం ప్రాజెక్టు అంశాలు ఖరారు చేసే ముందు, ఒక్క జట్టునైనా, అందులో ఇద్దరు ఆడపిల్లలు ఉండేటట్లు చూసి, ఆళ్ళగడ్డ శిల్పశాలకు పంపండి. శిల్పులతో ముందుగా మాట్లాడి ఒప్పించే పని మేము చూసుకుంటాము. విద్యార్థుల రానుపోను బస్సు ఛార్జీలు, మధ్యాహ్న భోజనం భరించడానికి మాలో నలుగురైదుగురు పింఛనుదారులు ఇప్పటికే సిద్ధంగా ఉన్నారు.